వారానికొకటి, రోజుకో చుక్క

మా బాబాయి చేతిలోంచి స్కూలు వ్యాను తాళాలు లాక్కున్న రోజు, లాక్కునే ముందు ఆయన నోరు వాసన చూశారు.

బడి ఆవరణలో, పిల్లలు ఇంకా వ్యాను దిగుతూ ఉండగానే జరిగింది ఇది. వ్యాన్ల మేనేజరు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. వాడి వయసు బాబాయి కూతురి వయసు.

"నోరు తెరు."

"ఏంటి సార్?"

"తెరవమన్నాను. గాలి వదులు."

బాబాయి చుట్టూ చూశాడు. పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లులు, తండ్రులు, మిగతా వ్యాన్ల డ్రైవర్లు, తన వ్యానులోనే పిల్లల్ని చూసుకునే ఆయా, అందరూ నిలబడి ఉన్నారు. ఆయన నోరు తెరిచి గాలి వదిలాడు. మేనేజరు ముక్కు దగ్గరగా పెట్టి పీల్చాడు. వాసనేం రాలేదు. రాలేదని ఒప్పుకోవడానికి మాత్రం ఆ మనిషికి మనసొప్పలేదు.

"వాసన రానివి కూడా దొరుకుతున్నాయిలే ఈమధ్య" అన్నాడు. ఎవరో నవ్వారు. "ఏం తాగావో నువ్వే చెప్పు, గౌరవంగా పోతావు."

"మంచినీళ్లు సార్. దాహంగా ఉంటోంది."

ఈసారి ఇంకొంతమంది నవ్వారు.

నిజానికి ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ ఉదయం ఆయన నడిరోడ్డు మీద వ్యాను ఆపి, "కదలకుండా కూర్చోండి బంగారాలూ" అని పిల్లలకి చెప్పి, ఓ ప్రహరీ వెనక్కి పరిగెత్తాడు. తిరిగొచ్చి స్టీరింగు ముందు కూర్చుని, ఏళ్ల తరబడి తిరిగిన దారిలో ఎటు తిరగాలో ఆయాని అడిగాడు. ఓ పిల్ల ఇల్లు దాటి వెళ్లిపోయాడు. ఆ పిల్ల తల్లి వెనకాలే స్కూటరు మీద వచ్చి, బాబాయి వ్యాను పక్కన వంగి వాంతి చేసుకుంటుంటే ఫోనులో వీడియో తీసింది. వీడియో బడికి చేరేసరికి తీర్పు రాసిపెట్టి ఉంది.

ఆమెని నేను తప్పుపట్టను. తన బిడ్డ ఆ వ్యానులో ఎక్కుతోంది. కానీ ఒక్క మనిషి, ఆ మందలో ఒక్కడు, "ఒంట్లో బాగాలేదేమో, ఆసుపత్రికి తీసుకెళ్లండి" అని ఉంటే చాలా జరగకుండా పోయేది. తాగుబోతు అనే మాట నోటికి తేలిగ్గా వస్తుంది. జబ్బు అంటే ఎవరో ఒకరు బండి కట్టాలి మరి.

మా బాబాయి చుక్క ముట్టని మనిషి. మిగతా డ్రైవర్లు ఆయన్ని 'చెకింగ్' అని పిలిచేవారు. రోజూ అందరికంటే ముందు షెడ్డుకి వెళ్లి, బానెట్ ఎత్తి, ఆయిల్ పుల్ల తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి, వెలుగులో పెట్టి చూసేవాడు. తర్వాత రేడియేటరులో నీళ్లు. తర్వాత నాలుగు టైర్లనీ కాలితో తన్ని చూడటం. తర్వాత బ్రేకు.

"నిన్నేగా చూశావు అన్నా! రాత్రికి రాత్రి ఎవడన్నా తాగేశాడా నీ ఆయిలు?" అని ఏడిపించేవారు.

"పసిపిల్లల బండిరా ఇది. వారానికోసారి చూసేవాడు ఓనరు, రోజూ చూసేవాడు డ్రైవరు" అనేవాడు.

ఈ మాట ఆయన తన బండికే ఉంచుకుంటే బాగుండేది. ఒంటికి కూడా వర్తింపజేశాడు.

మా పిన్ని బట్టల కొట్టు వెనక గదిలో ఇస్త్రీ పని చేస్తుంది. రోజంతా నిలబడే ఉద్యోగం. మోకాళ్లు, నడుము పట్టేస్తుంటే డాక్టరుకి చూపించుకుంది. రక్తం పరీక్ష చేసి, విటమిన్ డి బాగా తక్కువుందని, వారానికి ఒక క్యాప్సూల్ చొప్పున ఎనిమిది వారాలు వేసుకుని ఆపేయమని, తర్వాత మళ్లీ పరీక్షకి రమ్మని చెప్పారు. పిన్ని అలాగే వేసుకుంది, ఆపేసింది. నొప్పులు తగ్గాయి. మెట్లు గోడ పట్టుకోకుండా ఎక్కుతోంది.

ఇది బాబాయి కళ్లబడింది. ఆయనకీ నడుం నొప్పి ఉంది. సీట్లో కూర్చుని కూర్చుని వచ్చింది. ఖాళీ అట్ట పట్టుకుని సందు చివర మందుల షాపుకి వెళ్లాడు. డాక్టరు చీటీ ఏదని షాపతను అడగలేదు. ఎవరికని అడగలేదు. "ఎన్ని కావాలి?" అని మాత్రం అడిగాడు. వ్యాపారం చేసేవాడికి అంతకంటే ప్రశ్న ఏముంటుంది!

"వారానికొకటే అంది డాక్టరమ్మ" అని పిన్ని చెప్పింది. ఈ సంగతి ఆమె తర్వాత నాతో ఎన్నోసార్లు అంది. చెప్పింది నిజమే.

"నీకలా చెప్పింది. నువ్వు నిలబడే మనిషివి, నేను కూర్చునే మనిషిని. నాకు వారానికొకటి ఏమూలకి?"

"ఎక్కువైతే?"

"ఎక్కువైతే ఏముందే, విటమినే కదా! మందైతే భయపడాలి. ఇది బలం. బలం ఎక్కువై చచ్చినవాణ్ని చూశావా?"

ఆ అట్ట మీద అరవై వేల యూనిట్లు అని ఉంటుంది. పెద్ద మనిషికి రోజుకి కావలసింది వందల్లో ఉంటుంది. వారానికి ఒకటి అని పెట్టింది అందుకే, ఒక్కదాంట్లోనే వారాల సరుకు ఉంది కాబట్టి. కొన్ని విటమిన్లు ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతాయి. ఇది పోదు. కొవ్వులో చేరి కూర్చుంటుంది. రోజుకొకటి వేస్తూ పోతే నెలల తరబడి పేరుకుని, తిన్నదాంట్లోంచీ ఎముకల్లోంచీ కాల్షియాన్ని లాగి రక్తంలోకి తోస్తుంది. అప్పుడు దాహం, మాటిమాటికీ మూత్రం, వాంతులు, మలబద్ధకం, మతిమరుపు. ఆఖరికి మూత్రపిండాలు. ఇవన్నీ అట్టతోపాటు పెట్టెలో మడిచిపెట్టే కాగితంలో ఉంటాయి, చీమ కాళ్లంత అక్షరాల్లో. షాపతను పెట్టె విప్పి అట్ట ఒక్కటే చేతిలో పెట్టేవాడు. కాగితం కింద చెత్తబుట్టలో పడేది.

బాబాయి రోజూ ఉదయం షెడ్డుకి బయల్దేరే ముందు ఓ క్యాప్సూల్ వేసుకున్నాడు. కొన్నాళ్లకి నీరసం మొదలైంది. నీరసంగా ఉందని అప్పుడప్పుడూ రెండోది కూడా వేసుకున్నాడు. ఆయిల్ తగ్గితే పోస్తాం కదా, అదే లెక్క.

తాళాలు పోయాక ఇంట్లో కూడా వాసన చూశారు. మొహం మీద కాదు. పిన్ని ఆయన చొక్కాలు ఉతకడానికి వేస్తూ ఒక్కొక్కదాన్నీ ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆయన గుమ్మంలోంచి చూశాడు. అక్క మాత్రం మొహమాటపడలేదు. అక్క అంటే వాళ్ల ఒక్కగానొక్క కూతురు, పార్సిళ్ల ఆఫీసులో కౌంటరు దగ్గర పని. బావ దూరంగా వంతెనలు కట్టే చోట పనిలో ఉంటాడు, ఎప్పుడో వస్తాడు. అక్క, ఇంకా ఏడాది నిండని కూతురు, ఇక్కడే పుట్టింట్లో ఉంటారు.

"నాన్నా, ఒక్కసారి నిజం చెప్పెయ్. నేనేం అనను."

"ఏం చెప్పమంటావే?"

"ఏదన్నా అలవాటయిందా?"

బాబాయి నీళ్ల జగ్గు ఎత్తి అలాగే గొంతులో పోసుకున్నాడు. ఖాళీ చేసి కింద పెట్టి, "నీకు కూడా నోరు తెరిచి చూపించమంటావా?" అన్నాడు.

ఆ తర్వాత అక్క అడగలేదు. అడగకపోవడమే కాదు, అవమానపడ్డ తండ్రికి కాలక్షేపం కావాలని, తనమీద ఇంట్లోవాళ్లకి నమ్మకముందని తెలియాలని, పిల్లని ఆయనకి అప్పగించింది. అంతకుముందు పక్కింటావిడ చూసుకునేది. ఇకనుంచి అక్క, పిన్ని పనికి వెళ్లింది మొదలు వచ్చేదాకా బుజ్జిది తాతయ్య దగ్గరే. తల్లి ప్రేమతో చేసిన పని కాదు, కూతురి ప్రేమతో చేసిన పని. అక్కడే ప్రమాదం ఇంకో గదిలోకి నడిచింది.

పసిపిల్లలకి విటమిన్ డి చుక్కల మందు ఇవ్వడం మామూలే. పిల్లల డాక్టరు రోజుకి నాలుగు వందల యూనిట్లు చాలన్నారు. అక్క వాడుతున్న సీసాతో ఓ గాజు డ్రాపర్ వచ్చింది, దానిమీద గీత ఉంది. ఆ గీతదాకా మందు తీస్తే సరిగ్గా ఆ నాలుగు వందలు. అందుకని అక్క, "నాన్నా, పొద్దున్నే డ్రాపర్‌తో గీతదాకా ఒక్కసారి. అంతే" అని చెప్పింది. ఆ సీసాకి ఆ మాట నిజం.

సీసా అయిపోయింది. బాబాయి షాపుకి వెళ్లాడు. ఆ కంపెనీది లేదు, వేరే కంపెనీది ఇచ్చాడు షాపతను. "అదే మందు" అన్నాడు. అదే మందు, కానీ చిక్కటిది. ఇందులో ఒక్క చుక్కలోనే నాలుగు వందల యూనిట్లు ఉన్నాయి. అందుకే డ్రాపర్ ఇవ్వలేదు. సీసా మూతికే ప్లాస్టిక్ నాజిల్ బిగించి ఉంది, తలకిందులు చేస్తే నింపాదిగా ఒక్క చుక్క రాలేలాగ.

బాబాయి తలకిందులు చేశాడు. చాలాసేపటికి ఒక్క చుక్క రాలింది. సీసా ఊపాడు. ఇంకో చుక్క రాలింది. బండి నాజిల్‌లో మురికి చేరితే డీజిల్ ఎలా వస్తుందో ఆయనకి తెలుసు. ఈ నాజిల్ మూసుకుపోయిందనుకున్నాడు. పిన్నీసుతో పొడిచి చూశాడు. లాభం లేకపోయింది. పనిముట్ల పెట్టెలోంచి పటకారు తెచ్చి నాజిల్ పీకేశాడు. పాత డ్రాపర్ పారేసే రకం కాదు ఆయన, వేడినీళ్లలో కడిగి దాచాడు. దాన్ని కొత్త సీసాలో ముంచి, గీతదాకా తీసి, బుజ్జిదాని నోట్లో వేశాడు.

"కంపెనీ వాళ్లు సరిగ్గా చూడకుండా పంపేస్తున్నారు. నేను బాగుచేశాలే" అని సాయంత్రం పిన్నికి చెప్పాడట. పిన్ని మెచ్చుకుంది కూడా.

ఆ డ్రాపర్ గీతదాకా దాదాపు ముప్ఫై చుక్కలు పడతాయి. అంటే నెల రోజుల మందు ఒక్క పూటకి. నెలలకి రావలసిన సీసా చూస్తుండగానే ఖాళీ అయితే, బాబాయి ఇంకోటి తెచ్చాడు. మొన్ననేగా తీసుకెళ్లావని షాపతను అడగలేదు. పైగా ఆ సీసాకి నాజిల్ పీకడం తేలికయింది, చేయి తిరిగింది కాబట్టి.

అలా ఆ ఇంట్లో ఒకే జబ్బు రెండు ఒళ్లల్లో పెరిగింది. తాతయ్య అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడు, మనవరాలు పాలసీసా తోసేస్తోంది, తాగిన కాస్తా కక్కేస్తోంది. ఆయన జగ్గులకి జగ్గులు తాగుతున్నాడు, దాని గుడ్డలు ఎన్ని మార్చినా తడిసిపోతున్నాయి. ఆయనకి మలబద్ధకం, దానికీ అంతే. ఆయన కూర్చున్నచోటే కునుకు తీస్తున్నాడు. అది పాకడం మానేసి చాప మీద వెల్లకిలా పడుకుని కప్పుకేసి చూస్తోంది. ఆయనది దిగులన్నారు. దానికి పళ్లు వస్తున్నాయన్నారు. వీధిలో ఓ పెద్దావిడ, "తాత దిగులు పిల్లకి తగిలింది" అని కూడా అంది. అందరి దగ్గరా ఏదో ఒక జవాబు సిద్ధంగా ఉంది.

నేను వెళ్లిన రోజు పిన్నికి సెలవు. వంటింట్లో ఉంది. వసారాలో బాబాయి గోడకి ఆనుకుని కింద కూర్చుని ఉన్నాడు, ఒళ్లో పిల్ల. పిల్ల ఏడవడం లేదు. ఏడుస్తున్నా అంత భయపడేవాణ్ని కాదు.

"బాబాయ్, ఏంటిక్కడ కూర్చున్నావు?"

ఆయన నాకేసి చూసి, ఎప్పుడో పోయిన మా నాన్న పేరు పెట్టి పిలిచాడు. "వచ్చావా అన్నయ్యా? బండి నీడలో పెట్టు. పిల్లలు ఎక్కుతారు" అన్నాడు.

పిన్నిని కేకేశాను. ఆమె వచ్చి పిల్లని తీసుకోగానే ఆయన పక్కకి ఒరిగిపోయాడు. ఎదురింటాయన కారు తీశాడు. ఇద్దరం కలిసి ఎత్తి పడుకోబెట్టాం. కారు కదులుతుంటే బాబాయి కళ్లు తెరిచి కిటికీలోంచి పిన్నికి ఏదో చెప్పాడు. నాకు వినబడలేదు.

ఆసుపత్రిలో మొదటి ప్రశ్న, "తాగుతారా?"

"తాగడు" అన్నాను.

"ఎప్పుడన్నా?"

"ఎప్పుడూ తాగడు. రక్తం తీసి చూడండి, నోరు కాదు."

నర్సు నన్ను ఎగాదిగా చూసి రక్తం తీసింది. సెలైను పెట్టారు. చాలాసేపటి తర్వాత ఓ డాక్టరమ్మ కాగితం పట్టుకుని నడుస్తూ కాదు, దాదాపు పరుగున వచ్చింది.

"ఈయనకి కాల్షియం పదిహేను ఉంది. పదిన్నర దాటకూడదు. కిడ్నీలు దెబ్బతింటున్నాయి. ఏం మందులు వాడుతున్నారు?"

"మందులేం లేవండీ" అన్నాను.

"ఏదో ఉండాలి. కాల్షియం బిళ్లలు? బలానికని ఏమన్నా?"

బాబాయి కళ్లు మూసుకునే, "విటమిన్ అమ్మా. డి. రోజూ మర్చిపోకుండా వేసుకుంటాను" అన్నాడు. ఆ స్థితిలో కూడా గొంతులో కాస్త గర్వం ఉంది.

"రోజూనా? అరవై వేలదా? ఎన్నాళ్లుగా?"

ఆయనకి గుర్తులేదు. తాళాలు పోకముందు నుంచీ అని మాత్రం చెప్పాడు. డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టింది. తర్వాత మంచం మీదకి వంగి, నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి అడిగింది.

"తాతగారూ, ఇంట్లో ఇంకెవరన్నా వేసుకుంటున్నారా ఇది?"

"మా ఆవిడ ఆపేసింది."

"ఇంకెవరూ లేరుగా?"

"బుజ్జిదానికి చుక్కలమందు. అది నేనే వేస్తా." కళ్లు తెరిచాడు. "నాజిల్ మూసుకుపోతే పీకేసి డ్రాపర్‌తో నిండుగా వేస్తున్నానమ్మా. దానికేం లోటు రానివ్వలేదు."

డాక్టరమ్మ చటుక్కున నావైపు తిరిగింది.

"పాప ఎలా ఉంది?" అని నన్నడిగింది.

చాప మీద వెల్లకిలా పడుకుని కప్పుకేసి చూస్తున్న పిల్ల నా కళ్లముందు మెదిలింది. పాలు తాగడం లేదని చెప్పాను. వాంతులని చెప్పాను. ఆమె ఆఖరిదాకా వినలేదు.

"ఇంకొక్క చుక్క వేయొద్దని ఫోన్ చెయ్యండి. పాపని వెంటనే తీసుకురండి. ఆ సీసా కూడా."

పిన్ని ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. అక్కకి చేశాను. కౌంటరులో ఉన్నంతసేపూ ఫోన్లు పెట్టెలో పెట్టి తాళం వేస్తారు వాళ్లకి. మళ్లీ పిన్నికి చేశాను. మోగీ మోగీ ఆగిపోయింది. "ఈయన్ని మేం చూసుకుంటాం, వెళ్లు" అంది నర్సు, ఇందాక ఎగాదిగా చూసినావిడే. బయట ఎదురింటాయన కారులోనే ఉన్నాడు. దారిలో ప్రతి ఎర్రదీపం దగ్గరా నేను పిన్నికి ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఒకచోట ఆయన పచ్చదీపం పడకముందే పోనిచ్చాడు.

తలుపు తీసే ఉంది. పిన్ని మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్లో పిల్ల, కుడిచేతిలో డ్రాపర్. ఫోన్ వంటింట్లో మోగుతోంది.

"వెయ్యకు పిన్నీ!"

నా అరుపుకి ఆమె ఉలిక్కిపడింది. డ్రాపర్ ఖాళీగా ఉంది.

"ఇప్పుడే వేశానురా. చక్కగా మింగింది" అంది. "మీ బాబాయి కారులోంచి కూడా అదే చెప్పాడు, పిల్లకి మందు మర్చిపోకని. ఏం? ఏమైంది? ఆయనకేమన్నా..."

సీసా తీసుకుని చూశాను. మూతి దగ్గర పటకారు గాట్లు. చీటీ మీద అంత స్పష్టంగా ఉంది, ఒక చుక్కకి నాలుగు వందలు, రోజుకి ఒక చుక్క. ఆ ఇంట్లో చదవడం రానివాళ్లు ఎవరూ లేరు. చదవాల్సిన అవసరం ఉందని ఎవరికీ తోచలేదు, అంతే. పాత సీసాకి చెప్పిన మాట కొత్త సీసాకీ సరిపోతుందనుకున్నారు.

పిల్లకి సూది గుచ్చి రక్తం తీస్తుంటే అది చిన్నగా మూలిగింది తప్ప గట్టిగా ఏడవలేదు. పిన్ని గోడవైపు తిరిగిపోయింది. రిపోర్టు వచ్చేలోపు అక్క వచ్చింది. ఆఫీసు గుర్తింపు కార్డు ఇంకా మెడలోనే ఉంది. కబురు నేనే ఆఫీసు నంబరుకి ఫోన్ చేసి చెప్పాను.

"ఎవరు వేశారు అంత? ఎవరన్నా సీసా మీద చూడొద్దా?" అంది.

"నువ్వే చెప్పావు కదే, డ్రాపర్ గీతదాకా అని" అంది పిన్ని.

"అది పాత సీసాకమ్మా!"

"మాకేం తెలుసే? మందు అదే అన్నాడు కదా షాపువాడు!"

ఆ కొత్త సీసా ఇంట్లో బల్లమీదే ఉండేది. అక్క కూడా రోజూ చూసింది. బెంచీ మీద కూర్చుని, పిన్ని ఒళ్లోంచి పిల్లని లాక్కుంది. లాక్కుందనే అనాలి. పిన్ని చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి.

తలుపు తెరుచుకున్నప్పుడల్లా ముగ్గురం లేచాం. ఎవరెవరికో పిలుపులు వచ్చాయి. ఓసారి ఓ కుర్ర డాక్టరు మాకేసి చూసి తల దించుకుని వెళ్లిపోయాడు. అక్క నా మణికట్టు పట్టుకుంది, గోళ్లు దిగాయి. అతను వేరే ఎవరికోసమో వెళ్లాడని తర్వాత తెలిసింది.

ఆఖరికి ఆ డాక్టరమ్మే వచ్చింది. "ఎక్కువే ఉంది. పన్నెండు దాటింది" అంది. "తాతగారంత కాదు. కిడ్నీలు స్కాన్ చెయ్యాలి. ఇప్పటికిప్పుడు చేర్చుకుంటున్నాం. ఇంకొన్నాళ్లు ఇలాగే సాగితే ఈ మాట చెప్పగలిగేదాన్ని కాదు."

"బతుకుతుందా?" అంది అక్క.

"బతుకుతుంది. కానీ ఇది ఒంట్లోంచి ఒక్క రోజులో పోదమ్మా. నెలలు పడుతుంది. మళ్లీ మళ్లీ రక్తం తీసి చూస్తూ ఉండాలి. నేను చెప్పేదాకా చుక్కలు లేవు, బలం టానిక్కులు లేవు, ఏమీ లేవు."

పిల్లని లోపలికి తీసుకెళ్లారు. అక్క వెంట వెళ్లింది. పిన్ని ఆ బెంచీ మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇస్త్రీ పెట్టె పట్టీ పట్టీ కాయలు కాసిన అరచేతులు. వాటికేసి చూసుకుంటూ, "వెళ్లేటప్పుడు వెయ్యమన్నాడు, వేశాను" అంటూనే ఉంది, నాతో కాదు, ఎవరితోనూ కాదు.

బాబాయికి మెల్లగా తెలివొచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ "పిల్ల ఏది?" అనే అడుగుతున్నాడు. ఆయన స్థిమితపడ్డాకే చెప్పాలని మేం అనుకున్నాం. అక్క అనుకోలేదు. పై అంతస్తు నుంచి దిగి వచ్చి, మంచం పక్కన నిలబడి చెప్పింది. కేకలు వేస్తుందేమోనని నేను భయపడ్డాను. వెయ్యలేదు.

"నాన్నా, ఆ నాజిల్ పాడవలేదు."

"మూసుకుపోయింది కదమ్మా. నేను..."

"పాడవలేదు. ఒక్కో చుక్కే రావాలని అలా చేశారు. ఒక చుక్కే వెయ్యాలి దానికి."

ఆయన ఆలోచించాడు. బండిలో ఎక్కడో చప్పుడు వస్తే చెవి పెట్టి వినేటప్పుడు ఆయన మొహం ఎలా ఉండేదో అలా ఉంది. తర్వాత ఏదో అందినట్టు పెదాలు కదిలాయి. దుప్పటి లోపలికి చేతులు లాక్కున్నాడు. దాహంగా ఉందని కూడా ఆ రోజు అనలేదు. నర్సు వచ్చి బతిమాలి తాగించాల్సి వచ్చింది.

ఇంటికి పంపే ముందు డాక్టరమ్మ మమ్మల్నందర్నీ కూర్చోబెట్టింది. విటమిన్ కూడా మందే అని చెప్పింది. సీసా మారితే కొలత మారుతుందని, ఏ సీసాతో వచ్చిన డ్రాపర్ ఆ సీసాకే అని, ఒకరికి రాసింది ఇంకొకరు వాడొద్దని, ఏ డాక్టరు 'ఏం వాడుతున్నారు' అని అడిగినా ముందు వీటి పేర్లే చెప్పమని చెప్పింది. పిల్ల మందు ఇంట్లో ఎవరో ఒక్కరే వెయ్యాలంది. బాబాయి బడిపిల్లాడిలా తలూపాడు. ఎవరు వెయ్యాలో ఎవరూ అనలేదు.

నేను ఆసుపత్రి కాగితాలు పట్టుకుని బడికి వెళ్లాను. మేనేజరు చదివాడు. "పాపం" అన్నాడు. "తాగలేదన్నమాట. మంచిదే. కానీ ఇప్పుడైనా ఒంట్లో బాగాలేని మనిషేగా, పిల్లల బండి ఎలా ఇస్తాం చెప్పు?"

"బండి ఇవ్వొద్దు. ఆ రోజు నవ్వినవాళ్లందరి ముందూ ఈ మాట చెప్పండి చాలు" అన్నాను.

"అయిపోయినదాన్ని ఇప్పుడెందుకు కెలకడం తమ్ముడూ?" అన్నాడు. కాగితం మడిచి జాగ్రత్తగా నా చేతికిచ్చాడు, ఏదో మేలు చేస్తున్నట్టు. షాపతను ఇంకో అడుగు ముందుకెళ్లాడు. "అట్ట మీద రాసే ఉంది కదా బాబూ" అన్నాడు. అనేటప్పుడే ఇంకెవరికో పెట్టె విప్పి అట్ట ఇస్తున్నాడు. కాగితం కింద పడింది.

పిల్ల కోలుకుంది. రక్తం తీసినప్పుడల్లా అంకె దిగుతూ వచ్చింది. ఆఖరిసారి తీసినప్పుడు ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడ్చిందని అక్క నవ్వుతూ చెప్పింది. దాని మూత్రపిండాలకి ఏమీ కాలేదు. బాబాయివి మాత్రం పూర్తిగా వెనక్కి రాలేదు. ఇక బండి తోలడు. నాజిల్ పీకిన ఆ పటకారుని ఏం చేశాడో తెలియదు, పనిముట్ల పెట్టెని మాత్రం ఓ పాత మిత్రుడికి ఇచ్చేశాడు. అక్క ఆయన్ని ఒక్క మాట కూడా అనలేదు. కానీ పిల్లని మళ్లీ పక్కింటావిడకే అప్పగించి పనికి వెళ్తోంది. ఆయన ఇంట్లోనే ఉంటాడు, మధ్య గోడకి ఇవతల.

పోయిన వారం వెళ్లాను. వసారాలో కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. ఆ రోజు సెలవు కాబట్టి అక్క ఇంట్లోనే ఉంది, బట్టలు మడతపెడుతోంది. పిల్ల గోడ పట్టుకుని నడుస్తోంది. చాలాసేపు అవీ ఇవీ మాట్లాడుకున్నాం. లేవబోతూ, ఇంకేం అనాలో తెలియక, "నీ దగ్గరికి వస్తోందా బాబాయ్?" అని అడిగాను.

"వస్తుందిరా. దానికేం తెలుసు, చేతులు చాపుతుంది" అన్నాడు. గొంతు తగ్గించాడు. "అది చేతులు చాపగానే నేను ముందు మీ అక్క మొహం చూస్తాను. అక్క అటు తిరిగి ఉంటే, ఇటు తిరిగి చూసేదాకా ఆగుతాను."